శనివారం సాయంత్రం, మిద్దె మీద చాప, నాలుగు గ్లాసులు: ఏ పాట పెడదాం?

మిద్దెమీదగాలి
గురువారం రాత్రి 9.20

ఎల్లుండి శనివారం మా మిద్దె మీద నలుగురం కూర్చుంటున్నాం. హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్లు ఉన్నవాళ్లం. ఆరేళ్ల తర్వాత అందరం ఒకచోటికి చేరుతున్నాం. ముగ్గురం తాగుతాం, ఒకడు తాగడు. వాడికి నిమ్మకాయ సోడా. విజయవాడ ఎండల సంగతి తెలిసిందేగా, ఐదింటికే మిద్దె మీద రెండు మూడు బకెట్ల నీళ్లు కుమ్మరిస్తే గానీ ఏడింటికి చాప పరవలేం.

పోయినసారి ఇద్దరమే కలిసినప్పుడు పాటల సంగతి ఫోనుకే వదిలేశాం. ఘంటసాల పాట అవ్వగానే డీజే పాట, దాని వెనకాలే ఇన్సూరెన్సు ప్రకటన. మాటలో మాట పడి మనసులో ఉన్నది బయటికొచ్చే సమయానికి ఏదో ఒకటి వచ్చి తెంపేసింది. వాడు వాళ్ల నాన్న ఆపరేషన్ గురించి చెప్పబోతున్నాడు, సరిగ్గా అప్పుడే ప్రకటన. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అందుకే ఈసారి పాటల వరస నేనే కట్టాలనుకుంటున్నా. తలా ఒక్క పాట చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఐటెం పాటలు వద్దు, అవి పెళ్లి బరాత్‌కి బాగుంటాయి.

నాది ముందు చెప్తా. మేఘసందేశంలో ‘ఆకాశ దేశాన ఆషాఢ మాసాన’. 1982 సినిమా. వేటూరి రాశారు, రమేశ్ నాయుడు బాణీ కట్టారు, ఏసుదాసు పాడారు. రమేశ్ నాయుడికీ ఏసుదాసుకీ జాతీయ అవార్డులు ఆ సినిమాతోనే వచ్చాయి. గ్లాసుల్లో పోసేసి ఇంకా ఎవరూ నోట పెట్టకముందు ఈ పాట మొదలవ్వాలి. ఏసుదాసు తొందరపడడు. ఆయన తొందరపడకపోతే మనమూ తొందరపడం, మొదటి గ్లాసు అరగంట వస్తుంది.

ఓరుగల్లు_పిల్లగాడు
గురువారం రాత్రి 9.48

అన్నా, మీకు మిద్దె, మాకు ఈదుల వనం. శనివారం మాపటికి ఊరికి పోతే మా కాక గౌడన్నకు ముందే చెప్పి పెడ్తడు. మాపటి కల్లు లొట్టి దింపంగనే తాగాలె, జర ఆలస్యమైతే పుల్లగైతది. గుడాలు, బోటి కూర, ఇంక ఏం గావాలె.

నా పాట బలగం సినిమాల ‘ఊరు పల్లెటూరు’. భీమ్స్ సంగీతం, మంగ్లి, రామ్ మిర్యాల పాడిన్రు. కాసర్ల శ్యామ్‌కు ఈ పాటకే జాతీయ అవార్డు వచ్చింది. అవార్డుకు ముందే మా కాక ఫోన్ల రింగ్‌టోన్ అదే. పట్నంల కొలువు జేసెటోడు ఊరికొచ్చి చెట్టు కింద కూసున్నప్పుడు ఈ పాట ఇంటే, ఎవలెవలు పానంతోని లేరో యాదికొస్తది. మా తాత కూసునే బండ ఇంక ఆడనే ఉన్నది. దాని మీద ఎవ్వలం కూసోం.

కొత్తపాట
గురువారం రాత్రి 10.05

నలుగురు ఫ్రెండ్స్, ఆరేళ్ల గ్యాప్ అన్నారు కాబట్టి నా పాట ‘ఆగి ఆగి’ తప్ప ఇంకోటి కాదు. ఈ నగరానికి ఏమైంది, 2018, వివేక్ సాగర్ సంగీతం. 2023లో మళ్లీ రిలీజ్ చేసినప్పుడు నేను రెండుసార్లు వెళ్లాను. హాలు మొత్తం డైలాగులు ముందే చెప్పేస్తోంది. ఈ పాటకి మాత్రం అరుపులు ఆగి అందరూ కలిసి పాడారు. నా పక్క సీట్లో అతనెవరో నాకు తెలీదు, పాట అయ్యేసరికి నా భుజం మీద చెయ్యి వేసున్నాడు.

పాతక్యాసెట్టు
గురువారం రాత్రి 11.10

వరస కట్టడం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా. తెనాల్లో మా రోజుల్లో రికార్డింగు షాపుండేది. తెల్లకాగితం మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇచ్చి వస్తే వారానికి ఎక్కించి ఇచ్చేవాడు. 60 నిమిషాల క్యాసెట్టుకి వైపుకి ఎనిమిది పాటలు పట్టేవి. అత్యాశకి పోయి తొమ్మిదోది రాస్తే చరణం మధ్యలో టప్పున తెగేది. అందుకని ఏ పాట ఎన్ని నిమిషాలో, ఏది ఏ వైపు ఆఖరున రావాలో రాత్రిళ్లు కూర్చుని లెక్క వేసేవాళ్లం. టేపు బయటికొచ్చి చిక్కుపడితే నటరాజ్ పెన్సిలు చక్రంలో దూర్చి మెల్లగా తిప్పుతూ లోపలికి లాగేవాళ్లం. గట్టిగా తిప్పితే నలిగేది. నలిగిన చోట సుశీలమ్మ గొంతు ఒక్క క్షణం నీళ్లలో మునిగి తేలినట్టుండేది. ఇప్పటికీ ఆ పాటలు ఫోనులో వింటుంటే, ఆ చోటు రాగానే ఆ మునక కోసం ఎదురుచూస్తాను.

మొదటి వైపు హుషారు, రెండో వైపు నెమ్మది. మా సూత్రం అంతే. రెండో వైపు ఆఖరి పాట ఎప్పుడూ ‘జగమే మాయ’. దేవదాసు, 1953. సంగీతం సుబ్బరామన్ గారిది. పాపం ముప్ఫై నిండకుండానే, సినిమా విడుదలకి ముందే, 1952లో పోయారు. మిగిలిన పని ఆయన దగ్గర పనిచేస్తున్న విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. ఘంటసాల గొంతులో ఆ తూగు చూడండి. ఎక్కడా తాగినవాడిలా మాట ముద్ద కాదు, శ్రుతి జారదు. ఊపిరి ఒక్కటే అలసిపోయి ఉంటుంది. తెర మీద నాగేశ్వరరావుగారూ అంతే. ఆ సన్నివేశాలు రాత్రిపూట తీశారనీ, కళ్లు వాలడానికి పెరుగన్నం కడుపునిండా తిని వెళ్లేవాడిననీ ఆయనే చెప్పేవారు. తాగుడు పాటల్లో దీన్ని మించింది మన భాషలో రాలేదు.

పెన్నా_ఒడ్డు
శుక్రవారం ఉదయం 7.15

అందరి పాటలూ ఇష్టంగా చదివాను. పాతక్యాసెట్టు గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట చెప్తాను.

మాది నెల్లూరు జిల్లా పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ కబురు మా ఊరికి వచ్చిన వారానికి మా అమ్మ కూడా కొంగు బిగించి మిగతావాళ్లతో వెళ్లింది. కొట్టు ముందు కూర్చున్నవాళ్లలో మా నాన్న ఉన్నాడు. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. పంటితో చింపి తాగి అక్కడే పారేసేవాళ్లు, మేం బడికి వెళ్లే దారంతా అవే. సాయంత్రం నాన్న ఇంటికొస్తుంటే వీధి మొదట్లోనే తెలిసేది. ‘జగమే మాయ’ పాడుకుంటూ వచ్చేవాడు. గొంతు చాలా బాగుండేది, ఆ మాట అమ్మ కూడా ఒప్పుకునేది. ఆ పాట వినపడగానే అమ్మ పొయ్యి మీది కూర దించి అటక మీద పెట్టేది, తన్నేస్తాడని. నేనూ తమ్ముడూ వెనక వాకిట్లోకి పోయేవాళ్లం.

ఇప్పటికీ రేడియోలో ఆ పాట వస్తే అమ్మ లేచి వెళ్లి ఆపేస్తుంది. పాట గొప్పది కాదని నేననను. మిద్దె మీద కూర్చునేటప్పుడు కింద ఇంట్లో ఎవరున్నారో ఒకసారి చూసుకుని పెట్టండి.

పాతక్యాసెట్టు
శుక్రవారం ఉదయం 8.40

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. యాభై ఏళ్లుగా ఆ పాట వింటున్నా. వినేవాడి వైపు నుంచే ఆలోచించాను, వీధి చివర ఆ పాట విని కూర దించే మనిషి వైపు నుంచి ఒక్కనాడూ ఆలోచించలేదు. మా ఇంట్లో కూడా నా భార్య ఆ పాట దగ్గర లేచి లోపలికి వెళ్లేది. నిద్రొస్తోందేమో అనుకునేవాణ్ణి. ఆవిడ పోయి నాలుగేళ్లయింది, ఇప్పుడు అడగలేను.

నా పాట మారుస్తున్నాను. ‘మనసున మనసై’. డాక్టర్ చక్రవర్తి, 1964, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, శ్రీశ్రీ రచన. ఘంటసాలే పాడారు. ఇది మాత్రం ఆవిడ కూర్చుని వినేది.

కువైట్_కడప
శుక్రవారం మధ్యాహ్నం 1.30

అన్నా, మాకు ఈడ వారం సెలవు శుక్ర, శనివారాలు. మా కూటమి గురువారం రాత్రే. మందు ఈడ నిషేధం, దొరికితే జైలూ, ఇంటికి పంపడమూ రెండూ అయితాయి. మాది సులేమానీ చాయ్. పుదీనా ఆకు రెండు ఏసి, చక్కెర దండిగా పోసి, గాజు గ్లాసుల్లో తాగుతాం. గదిలో ఎనిమిది మందిమి. రాజంపేట, రాయచోటి, పులివెందుల, ఒకాయన మాత్రం గోదావరి జిల్లా.

స్పీకరు లేదు, ఫోను స్టీలు గ్లాసులో నిలబెడతాం. నమ్మరుగానీ పాట గదంతా గుండ్రంగా మోగుతాది. గోదారాయన అడిగేది ఎప్పుడూ ఒకటే పాట, సితార సినిమాలో జానకమ్మ పాడిన ‘వెన్నెల్లో గోదారి అందం’. 1984 సినిమా అది, ఆ పాటకు ఆయమ్మకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాట వచ్చినంతసేపూ ఏసీ ఆపేస్తాం. పాత ఏసీ, దాని గురగురలో జానకమ్మ నెమ్మదిగా అనే మాట వినపడదు. ఇప్పుడు ఈడ ఎండ ఎట్లుంటాదో తెలుసు కదా, రెండో చరణానికే అందరికీ చెమటలు కారతాంటాయి. అయినా ఎవురూ స్విచ్చి దగ్గరికి పోరు. ఆయన ఇంటికి పోయి మూడేండ్లయింది. పాట అయినాక ఆయనే లేచి ఏసీ ఏస్తాడు. అప్పటిదాంకా మేం మాట్లాడం.

మా ఎనిమిది మంది తరఫున ఆ పాట ఎక్కించు అన్నా.

మిద్దెమీదగాలి
శుక్రవారం మధ్యాహ్నం 2.05

ఎక్కించాను అన్నా. రాత్రి తొమ్మిదింటికి వచ్చేలా పెడతా, అప్పటికి ఏ ఇంట్లోనూ టీవీ మోత ఉండదు.

చార్మినార్_చాయ్
శుక్రవారం సాయంత్రం 6.20

మా నాన్నగారి బైఠక్ అంటే గజళ్లే. అందుకని నాది తెలుగు పాట కాదు, కానీ మన నేల పాటే. బాజార్ సినిమాలో ‘ఫిర్ ఛిడీ రాత్ బాత్ ఫూలోం కీ’. 1982. కథ జరిగేది హైదరాబాదులో, గజల్ రాసింది మన మఖ్దూం మొహియుద్దీన్, లతతో కలిసి పాడిన తలత్ అజీజ్ మన హైదరాబాదువాడు. సంగీతం ఖయ్యాం. మఖ్దూం 1969లోనే పోయారు, ఈ పాట సినిమాలో ఆయన వినలేదు.

మెదక్ జిల్లాలో పుట్టి, ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పి, కార్మిక సంఘాలు కట్టి, జైలుకెళ్లి, తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతంలో తిరిగిన మనిషి రాత్రి గురించీ పూల గురించీ ఇంత మెత్తగా రాశాడంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అర్థం పూర్తిగా తెలియకపోయినా పర్వాలేదు. ప్రతి పాదం చివరా పూలు వస్తుంటాయి, అది పట్టుకుంటే చాలు. మా నాన్నగారు ఆ మాట దగ్గర ప్రతిసారీ అరచెయ్యి తెరిచేవారు, అందులో నిజంగానే పువ్వు ఉన్నట్టు.

ఓరుగల్లు_పిల్లగాడు
శుక్రవారం సాయంత్రం 6.31

భాయ్, ఇప్పుడే ఇన్న. నా వరసల గూడ ఎక్కిస్తున్న. కాకకు ఇనిపిస్తా.

బీచ్‌రోడ్డు
శుక్రవారం రాత్రి 8.50

మా విశాఖ నుంచి ‘ఆశా పాశం’. కేరాఫ్ కంచరపాలెం, 2018, స్వీకార్ అగస్తి సంగీతం, అనురాగ్ కులకర్ణి పాడాడు. అందులో నటించినవాళ్లు చాలామంది ఆ పేటవాళ్లే. మా మేనమామది పక్క వీధి. సినిమా చూస్తూ అదుగో ఆ కొట్టు, ఇదుగో ఈ మెట్లు అని తెరకి వేలు చూపిస్తూనే ఉన్నాడు, ఈ పాట మొదలయ్యాక చెయ్యి దించేశాడు. రెండో గ్లాసు అయిపోయి మూడోది పొయ్యాలా వద్దా అని అందరూ చూసుకునే సమయానికి ఈ పాట పెట్టి చూడండి. మా దగ్గర మూడోది పొయ్యకుండానే కబుర్లు ఒంటిగంట దాకా నడిచాయి.

తాగుడు పాట అనగానే నాకు గుర్తొచ్చేది ఇంకోటుంది. సాగర సంగమంలో ‘తకిట తధిమి’. కమల్ హాసన్ తాగి నూతి గట్టు మీద, వానలో అడుగులు వేసే పాట. తూలుతున్నాడు, అయినా తాళం తప్పడు. వేటూరి, ఇళయరాజా, బాలు, విశ్వనాథ్, అందరూ ఒకచోట చేరిన పాట. చివర జయప్రద బొట్టు వానకి కరిగిపోకుండా అతను చెయ్యి అడ్డం పెడతాడే, అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది. దీన్ని మాత్రం వినడం కంటే చూడాలి. మిద్దె మీద గోడ ఉంటే తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టుకోండి.

పనికొచ్చే మాటలు రెండు. స్పీకరు నేల మీద పెట్టొద్దు, కింద ఇంటివాళ్లకి దబదబలే వినిపిస్తాయి. కుర్చీ మీద పెట్టండి. పదింటికి కట్టేయండి, అది చట్టం కూడా. బండ్ల తాళాలు ముందే తాగని స్నేహితుడికి ఇచ్చేయండి. రాత్రికి అక్కడే పడుకుంటే ఇంకా మంచిది.

మిద్దెమీదగాలి
శుక్రవారం రాత్రి 10.15

తాళాలు వాడి దగ్గరే. చాపలు కూడా నాలుగు తీసి పెట్టాను, ఎవరూ వెళ్లడం లేదు.

వరస ఇలా అనుకుంటున్నా. మేఘసందేశంతో మొదలుపెట్టి, ‘ఊరు పల్లెటూరు’, ‘ఆగి ఆగి’. అమ్మ చేపముక్కలు వేయించి పంపే దాకా ఇవి. తర్వాత కాసేపు ఏ పాటా లేకుండా వదిలేస్తా, తినేటప్పుడు మాటలే బాగుంటాయి. ఆ తర్వాత మఖ్దూం గజల్, ‘ఆశా పాశం’, తొమ్మిదింటికి ‘వెన్నెల్లో గోదారి’, దాని వెనక ‘మనసున మనసై’. నూతి గట్టు పాట వేరే రోజు, నాకు నలుగురితో కలిసి ఏడవడం ఇష్టం లేదు, అది ఒక్కణ్ణే చూస్తా. ఆఖరి పాట ఖాళీగా ఉంచాను.

పెన్నా_ఒడ్డు అక్కా, మా అమ్మ కింద ఇంట్లోనే ఉంటుంది. మీ అమ్మగారు లేచి వెళ్లి ఆపెయ్యని పాట ఏదో చెప్తారా? ఆఖర్న అదే పెడతాను.

పెన్నా_ఒడ్డు
శనివారం ఉదయం 6.50

రాత్రే అమ్మని అడిగాను. క్షణం కూడా ఆలోచించలేదు. మిస్సమ్మలో ‘రావోయి చందమామ’.

దాని వెనక సంగతి కూడా చెప్పాలి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. నాన్న మొదట నెల రోజులు మనిషిలా లేడు. చేతులు వణికేవి, రాత్రిళ్లు వాకిట్లో తిరుగుతూ ఉండేవాడు. సంక్రాంతి నాటికి కాస్త కుదుటపడ్డాడు. ఆ ఏడాది మాకు వేరుశనగ పండింది. రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో లాంతరు పెట్టుకుని నలుగురం కూర్చుని కాయలు వొలిచేవాళ్లం. ఒకరోజు నాన్న ఉన్నట్టుండి ఆ పాట ఎత్తుకున్నాడు. తెలుసుగా, అందులో మొగుడూ పెళ్లామూ ఒకరి మీద ఒకరు చందమామకి ఫిర్యాదు చేసుకుంటారు. ఎ.ఎం.రాజా చరణం నాన్న పాడాడు. లీల చరణం అమ్మ అందుకుంది. అమ్మ పాడుతుందని అప్పటిదాకా మాకు తెలియదు. చెప్పాల్సినవన్నీ ఉన్నాయి కదా ఆమె దగ్గర, ఒక్కో మాటా వొత్తి వొత్తి పాడింది. నాన్న తల దించుకుని కాయలు వొలుస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. పాట అయ్యాక చేటలోంచి గుప్పెడు పప్పులు తీసి అమ్మ చేతిలో పోశాడు.

తర్వాత మళ్లీ తాగాడు, మానాడు, అదంతా వేరే కథ. ఆ ఒక్క చలికాలం మాత్రం మాకు ఉంది.

కొత్తపాట
శనివారం ఉదయం 9.12

నేను ఈ పాట ఎప్పుడూ పూర్తిగా వినలేదు. ఇప్పుడు విన్నాను. మా అమ్మకి పంపాను.

మిద్దెమీదగాలి
ఆదివారం ఉదయం 10.40

అందరికీ నమస్కారం. ముగ్గురూ ఇంకా పైన చాపల మీదే పడుకుని ఉన్నారు, ఎండ కాళ్ల దాకా వచ్చింది. ఉప్మా అయ్యేలోపు రాసేస్తున్నా.

వరస సగమే నడిచింది. ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. స్పీకరులో ఛార్జింగు తక్కువ, ‘ఆశా పాశం’ మధ్యలో మూగబోయింది. అప్పుడు కువైట్ అన్న చెప్పింది గుర్తొచ్చి స్టీలు గ్లాసులో ఫోను పెట్టాం. నిజమే, గుండ్రంగా మోగింది. చీకట్లో, చుట్టూ ఏ ఇంట్లోనూ దీపం లేకుండా ‘వెన్నెల్లో గోదారి అందం’ విన్నాం. మీ గదిలో ఏసీ ఆపేసే సంగతి వాళ్లకి ముందే చెప్పాను. పాట అయ్యాక చాలాసేపు ఎవరూ గ్లాసు ముట్టలేదు.

ఆ తర్వాతే వాడు వాళ్ల నాన్న సంగతి చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఈసారి ఏదీ అడ్డం రాలేదు. ‘మనసున మనసై’ పెట్టాల్సిన సమయం దాటిపోయింది, పెట్టాలని కూడా అనిపించలేదు. పాతక్యాసెట్టు గారూ, క్షమించండి, అది వచ్చే వారానికి ఉంచాను.

పదింటికి ఫోను కూడా కట్టేశాం. ఆఖరి పాట గ్లాసులోంచి రాలేదు. మాలో తాగనివాడు ఉన్నాడే, వాడికి ‘రావోయి చందమామ’ నోటికి వచ్చట. వాళ్ల తాతయ్య నేర్పాడట. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. గోడకి ఆనుకుని, ఖాళీ సోడా సీసా మీద వేలితో తాళం వేస్తూ పాడాడు.

ఓరుగల్లు_పిల్లగాడు
ఆదివారం ఉదయం 11.02

మా కాక మఖ్దూం గజల్ ఇన్నడు అన్నా. సమజ్ గాలే అన్నడు. మళ్ల పెట్టమన్నడు. నాలుగుసార్లు పెట్టిచ్చిండు.

పెన్నా_ఒడ్డు
ఆదివారం మధ్యాహ్నం 12.20

తమ్ముడూ, నువ్వు రాసిందంతా అమ్మకి చదివి వినిపించాను. ఒక్కటే అడుగుతోంది. ఆ అబ్బాయి రాజా చరణం పాడితే, మరి లీల చరణం ఎవరు పాడారూ అని.

మిద్దెమీదగాలి
ఆదివారం మధ్యాహ్నం 12.34

వాడికి ఆ చరణం రాదక్కా. అక్కడికొచ్చి ఆగిపోయాడు. మా అమ్మ మంచినీళ్ల బిందె పైకి తెస్తోంది. మెట్ల మీదే బిందె దించి, అక్కడి నుంచే అందుకుంది.